కుడి పక్కకి లేచిన వెలుతురు

జనవరి 7, మంగళవారం

ఈ డైరీ బ్యాటరీ ఏజెన్సీ వాళ్ళు ఇచ్చింది. ప్రతి ఏడూ ఇస్తారు. ప్రతి ఏడూ వైర్ల రంగులు రాసుకోటానికే వాడతా. అదే బండి మళ్ళీ వచ్చినప్పుడు వెతుక్కునే పని ఉండదు.

కోటేశ్వరరావు బాబాయి జీపు. ఎనభయ్యేడు మోడలు, వాళ్ళ నాన్న కొన్నది. ముందు గుండ్రటి లైట్లు రెండూ తీసేసి ఎల్ఈడీవి బిగించా. పాత వైరు ఎండిపోయి చేత్తో పట్టుకుంటే పెంకుల్లాగా రాలింది, స్విచ్చి కాణ్ణుంచి కొత్తది లాగా. రిలే బ్యాటరీ పక్కన. ఎర్త్ రెండు పక్కలా రంగు గీరి కొత్తగా ఇచ్చా. ఇండికేటర్లు కూడా ఎల్ఈడీ. ఫ్లాషర్ పాతదే ఉంది, అది మారిస్తే గాని ఇండికేటర్లు తిన్నగా కొట్టుకోవు. స్టాకు లేదు, తెప్పించాలి.

బాబాయికి కంట్లో శుక్లం తీసినాక పొద్దుగూకితే రోడ్డు కనపట్టం లేదంట. మిరప కల్లం కాడికి సాయంత్రం పోకుండా ఉండలేడు, ఇంకొకళ్ళ చేతికి స్టీరింగ్ ఇవ్వడు. లైట్లు అల్లుడు నవీన్ ఆన్‌లైన్లో తెప్పించి ఇచ్చాడు. "ఇయ్యే పెట్టు, ఇంకోటి చెప్పబాక" అన్నాడు బాబాయి. సాయంత్రం వెలిగించగానే బజారంతా వచ్చి చూశారు. బాబాయి జీపు దిగి లైట్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. "పగలు లాగుందిరా జహీరూ" అన్నాడు.

గోడ మీద వెలుతురు ఎట్టా పడుతుందో చూశా. బాగానే ఉంది.

జనవరి 8

జీపు పక్కన నిలబడి దిగిన ఫోటో స్టేటస్ పెట్టా. నూట పన్నెండు మంది చూశారు. రెంటచింతల నుంచి ఒకాయన ఫోన్ చేశాడు, తన జీపుకి కూడా అట్టాంటియ్యే కావాలంట.

జనవరి 17, శుక్రవారం

మహాలక్ష్మి వదిన చనిపోయింది.

నిన్న సాయంత్రం. డ్యూటీ నుంచి స్కూటీ మీద వస్తా రెంటచింతల రోడ్డులో మాచర్ల దగ్గరి మలుపులో కల్వర్టు మీద నుంచి కింద రాళ్ళలో పడిపోయింది. ఆరున్నర ఆ టైములో అంటున్నారు. గొర్రెలు తోలుకొచ్చేవాళ్ళు చూశారు. అంబులెన్స్ వచ్చేసరికి అయిపోయిందంట. ఏ బండీ గుద్దలేదు. రోడ్డు మీద గాజు పెంకు కూడా లేదు.

పొద్దున వాళ్ళాయన జానకన్న ఇంటికి పోయా. ఇరవై రెండేళ్ళ నుంచి నా షాపుకి రెండు షాపుల అవతల ఫోటోలకి ఫ్రేములు కడతా ఉన్న మనిషి. పదకొండింటికి ఆయన టీ చెబితే నాలుగింటికి నేను చెబుతా. ఈ రోజు నన్ను చూసి, "తమ్ముడూ, మీ వదిన ఫోటో ఒక్కటి కూడా బాగున్నది లేదురా ఇంట్లో" అన్నాడు. ఊళ్ళో అందరి ఫోటోలూ కట్టాడు.

అందరూ ఒకటే మాట. ఫోన్ మాట్లాడుతుందేమో, నిద్ర తూగిందేమో. ఆడోళ్ళు బండ్లు తోలితే ఇంతే అన్నాడొకడు పాడె దగ్గరే. నర్సమ్మగా పాతికేళ్ళు అదే రోడ్డు మీద తిరిగింది ఆమె.

జనవరి 18

మా ఆవిడ హఫ్సా రెండు రోజులుగా ఏడుస్తానే ఉంది. రెండో కాన్పు అప్పుడు వానలో వచ్చి తెల్లారేదాకా కూర్చుంది మహాలక్ష్మి వదినే. ఆస్పత్రికి తీసుకుపొమ్మని ఆమె గట్టిగా అనకపోతే ఆ రోజు హఫ్సా దక్కేది కాదు.

జనవరి 20, సోమవారం

ఫ్లాషర్ వచ్చింది. కోటేశ్వరరావు బాబాయి జీపు తెచ్చాడు. మారుస్తా ఉంటే స్టూలు మీద కూర్చుని అదీ ఇదీ మాట్లాడి, మాట్లాడి, ఆగి అడిగాడు.

"ఒరేయ్, ఆ ఫ్రేములాయన భార్య పోయింది గురువారమేగా."

"అవును బాబాయ్."

"ఎన్నింటికంట?"

నేను స్క్రూ బిగిస్తా ఉన్నా. ఎందుకని అడిగా.

"ఆ రోజు పొద్దుగూకే యేళ నేనూ ఆ దోవనే పోయా. మలుపు కాడ ఒక స్కూటీ ఎదురొచ్చింది. ఆడమనిషే. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లైటు కొడుతుందేమో అనుకుని డిమ్ముకే ఉందిగా అని చూసుకున్నా. డిమ్ముకే ఉంది. నేను పోయా. ఎనక్కి తిరిగి చూడలా. ఆమె కాదుగదా?"

"కాదులే బాబాయ్. ఈమె పడింది ఏడున్నరకి" అన్నా.

ఎందుకు అన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చింది. ఆయన ఊపిరి వదిలాడు. జేబులోంచి చాక్లెట్ తీసి ఇచ్చాడు, నేనేదో చిన్నపిల్లాణ్ణయినట్టు.

జనవరి 21

స్టేటస్ ఎప్పుడో పోయింది. ఫోన్లో ఫోటో ఉంది, తీసేశా.

ఆ రోజు ఏడో తారీకున రాసింది అబద్ధం. ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాయాల్సిన పని ఏముందో నాకు తెలియదు. హఫ్సాది ఉర్దూ చదువు, తెలుగు అక్షరాలు చదవలేదు. ఇంక ఎవరు చూస్తారని.

గోడ మీద నేను చూసింది ఇది. జీపుని గోడౌన్ గోడకి పాతిక అడుగుల దూరంలో ఆపా. డిమ్ము వేశా. ఎల్ఈడీకి వెలుతురు పైఅంచు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. మనం ఎడం పక్కన నడుస్తాం కాబట్టి ఆ గీత ఎడం వైపు కొంచెం పైకి లేవాలి, రోడ్డు పక్కన నడిచే మనుషులు కనపడటానికి. కుడి వైపు కిందికే ఉండాలి, ఎదురొచ్చే వాళ్ళ కళ్ళల్లో పడకుండా. ఈ లైట్లకి కుడి పక్కన లేచింది. కుడి పక్కన నడిచే దేశాల కోసం చేసిన లైట్లు అయ్యి. డిమ్ము వేసినా ఎదుటోడి కళ్ళల్లోకే కొడతాయి. తిప్పి పెట్టటానికి లేదు. వెనక్కి పంపాలి, అంతే.

చూడగానే తెలిసింది నాకు. తెలియక కాదు.

బాబాయి అప్పుడే దిగి లైట్ల ముందుకొచ్చాడు. పగలు లాగుంది అన్నాడు. పది మంది చుట్టూ ఉన్నారు. జహీర్ చేతి పని అంటే జహీర్‌దేరా అన్నారు ఎవరో. "కొంచెం పైకెత్తు, దూరం కనపడాల" అన్నాడు బాబాయి. స్క్రూ ఇంకొక చుట్టు తిప్పి పైకెత్తా. తర్వాత ఫోటోకి నిలబడ్డా.

జనవరి 22

కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నంత మాత్రాన పడిపోతారా. రోజూ వెయ్యి బండ్లు వస్తాయి ఎదురుగా. లారీల లైట్లు ఇంకా ఘోరంగా ఉంటాయి. ఆమెకి షుగర్ ఉంది. కళ్ళు తిరిగి ఉండొచ్చు.

జనవరి 24, శుక్రవారం

జానకన్న స్కూటీని పోలీస్ స్టేషన్ నుంచి తోసుకుంటా నా షాపుకే తెచ్చాడు. ముందు లైటు చుట్టూ ఉండే డోమ్ పగిలింది, హ్యాండిల్ వంగింది. స్టాండ్ వేసి దాని సీటు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"తమ్ముడూ, ఒక్కటి చూసి చెప్పు. దీని లైటు ఎలుగుతుందా?"

"ఎందుకన్నా?"

"నెల నుంచి చెబుతుంది. లైటు గుడ్డిగా ఉంది, జహీర్‌కి చూపించు, జహీర్‌కి చూపించు అని. రేపు చూపిస్తాలే అన్నా. రెండు షాపుల అవతల ఉన్నావు నువ్వు. తోసుకొచ్చినా రెండు నిమిషాలు." ఆయన చెయ్యి సీటుని రుద్దుతానే ఉంది. "పండగ ఆర్డర్లు ఉన్నాయి, అయ్యి అవగొట్టి చూపిద్దామనుకున్నా. లైటు లేకే పడింది జహీరూ. నాకు తెలుసు. ఊరికే నువ్వొకసారి చూసి చెప్పు."

చూసి చెబుతానన్నా.

జనవరి 25

షట్టర్ సగం దించి చూశా.

ఇంజను తిరిగితేనే లైటు వచ్చే రకం బండి అది. కిక్ కొట్టా. మూడో కిక్కుకి అందుకుంది. లైటు వెలిగింది. ఆగి ఉన్నప్పుడు ఎర్రగా, గుడ్డిగా ఉంటుంది, రేజ్ ఇస్తే తెల్లబడుతుంది. ఆ మోడల్ బండ్లన్నీ అంతే. వదిన గుడ్డిగా ఉంది అన్నది ఇంటి ముందు ఆగి ఉన్నప్పుడు చూసి. తోలేటప్పుడు ఏ లోపం లేదు. నాకు చూపించినా, ఇది ఇంతే వదినా అని పంపేవాణ్ణి.

కింద కూర్చుని చానా సేపు చూశా దాన్ని.

జనవరి 26, ఆదివారం

జానకన్న అడిగాడు. బల్బు మాడిపోయి ఉందన్నా అని చెప్పా.

తల ఊపాడు. "అనుకున్నా" అన్నాడు. అట్టానే వెనక్కి తిరిగి పోయాడు.

ఇదీ ఒకందుకు మంచిదే. ఎందుకు పోయిందో తెలియకపోతే మనిషికి పిచ్చెక్కుతుంది. ఏదో ఒక కారణం దొరికితే కుదుటపడతాడు. లైటు బాగుందని చెబితే, మరి ఎందుకు పడింది అంటాడు. ఫోన్ మాట్లాడుతుందని ఊరు అనేదే నిజం అనుకుంటాడు. వదినకి ఆ మాట రావటం కంటే ఇది నయం.

ఇంకో బల్బు తీసి సుత్తితో మెల్లగా తట్టి, ఫిలమెంట్ తెగ్గొట్టి, అదే ఆ బండిదన్నట్టు డబ్బాలో పెట్టా. అడిగితే చూపించటానికి. ఆయన అడగలేదు. అడగడు కూడా. నన్ను నమ్ముతాడు.

జనవరి 27

జానకన్న షాపు తియ్యలా.

జనవరి 28

తియ్యలా.

జనవరి 30

తియ్యలా. వెంకటేష్ అని రెంటచింతలాయన జీపు తెచ్చాడు. ఎల్ఈడీ పని మానేశా అని చెప్పి పంపా. స్టేటస్ చూసి వచ్చానంటాడు. ఏం చెప్పను.

ఫిబ్రవరి 2, ఆదివారం

హఫ్సా జానకన్న ఇంటికి పోయొచ్చింది. అన్నం పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నాడంట. కలుపుతాడంట, ముద్ద చేస్తాడంట, మళ్ళీ పళ్ళెంలో పెడతాడంట. నర్సరావుపేట నుంచి కూతురు రేవతి వచ్చి ఉంది. ఆ పిల్ల సెలవు పెట్టి పదిహేను రోజులైంది.

"ఒక్క బల్బు, ఒక్క బల్బు అంటా ఉన్నాడు" అంది హఫ్సా. "ఒక బల్బు కోసం ఏ మనిషన్నా అంత కుమిలిపోతాడా?" అని నన్ను అడిగింది.

నాకు ఆకలిగా లేదని చెప్పి లేచా.

ఫిబ్రవరి 5

నిద్ర లేదు. ఈ రోజు ఒక ట్రాక్టరుకి ప్లస్ మైనస్ తిరగేసి కలిపా. ముప్పై ఏళ్ళలో మొదటిసారి.

ఆయనకి నిజం చెబితే ఏమవుతుందో రాసుకుందామని కూర్చున్నా. రాయలేకపోయా. చెబితే నా షాపు పోతుందని భయం అనుకున్నా ఇన్నాళ్ళూ. అది కాదు. పదకొండింటికి ఆయన టీ పట్టుకుని నా షాపులోకి వచ్చేటప్పుడు ఒక మొహం పెట్టుకుని వస్తాడు. ఆ మొహం ఇంక నా వైపు రాదు. దానికి భయం.

ఇప్పుడు మాత్రం వస్తుందా ఏంది. షాపే తియ్యట్లేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

రేవతి షాపు కాడికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలా.

"బాబాయ్, నాన్న రోజూ సాయంత్రం ఐదున్నర బస్సుకి కల్వర్టు కాడికి పోతున్నాడు. అమ్మ టార్చిలైటు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడుతున్నాడు. వచ్చే పోయే బండ్లని ఆపి, నీ లైటు ఎలుగుతుందా, చూసుకో, రేపు అనబాకు, ఈ రోజే బాగుచేయించుకో అని చెబుతున్నాడంట. నిన్న ఒక లారీ వాడు అడుగు దూరంలో తప్పించాడు. నా మాట వినడు. మీ మాట వింటాడు. ఒకసారి చెప్పండి బాబాయ్."

చెబుతానన్నా.

ఆ పిల్లకి వదిన కళ్ళే.

ఫిబ్రవరి 11

పోయా. దూరం నుంచి చూశా. బండి దిగలా. తిప్పుకుని వచ్చేశా.

ఫిబ్రవరి 12

ఈ రోజు కూడా అనుకున్నా. పోలా.

ఫిబ్రవరి 13, గురువారం

ఈ రోజు షబే బరాత్. మసీదు కాడ లైట్ల తోరణాలు నేనే కడతా ప్రతి ఏడూ. ఈ ఏడు రానని చెప్పా. సాయంత్రం ఐదింటికే షట్టర్ దించి బయల్దేరా. అన్నీ రాస్తా. మర్చిపోయి మళ్ళీ నాకు కావాల్సినట్టు రాసుకోకుండా ఇప్పుడే రాస్తా.

జానకన్న కల్వర్టు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగింది. చొక్కా వదులైంది. నన్ను చూసి టార్చి ఊపాడు, అందరికీ ఊపినట్టే. దగ్గరికొచ్చాక గుర్తుపట్టి, "నువ్వు కూడా వచ్చావా తమ్ముడూ" అన్నాడు. ఆ మాటలో ఎంత ఆనందం ఉందో. సాయం చెయ్యటానికి వచ్చాననుకున్నాడు.

"పొద్దుగూకాక ఇంటికి పోదాం అన్నా. రేవతి ఏడుస్తుంది."

"ఈ అరగంట ఆగు. ఈ అరగంటే చానా కష్టం. ఎలుగూ ఉండదు, చీకటీ ఉండదు. లైటు వెయ్యరు జనం."

ఇద్దరం నిలబడ్డాం. రెండు మోపెడ్లు పోయినయ్. ఒకటి ఆపి చెప్పాడు. వాడు తాత పిచ్చోడనుకుని నవ్వి పోయాడు. ఆయన ఏమీ అనుకోలా.

అప్పుడు మలుపులో తెల్లగా వచ్చింది. జీపు శబ్దం బట్టి నాకు ముందే తెలిసింది. ఆ ఇంజను ఎన్నిసార్లు విన్నానో.

నేను బిగించిన లైట్లు నేనెప్పుడూ ఎదురుగా నిలబడి చూళ్ళా. ముప్పై ఏళ్ళ నుంచి ఈ పని చేస్తున్నా, ఎప్పుడూ లైటు వెనక నుంచో పక్క నుంచో చూశా. ఎదుట నుంచి ఈ రోజు చూశా. ముందు రోడ్డు పోయింది. తర్వాత కల్వర్టు గోడ పోయింది. నా పక్కన అర గజం దూరంలో ఉన్న జానకన్న పోయాడు. నా చెయ్యి దానంతట అదే లేచి కళ్ళకి అడ్డం వచ్చింది. ఒక అడుగు పక్కకి వేశా, ఎటు వేస్తున్నానో తెలియకుండా. కాలి కింద మట్టి జారింది. ఆయనే నా చొక్కా పట్టుకుని లాగాడు.

జీపు పోయింది. డిమ్ముకే ఉంది. బాబాయి తప్పు లేదు. కళ్ళ ముందు పచ్చ మచ్చలు తిరుగుతున్నాయి.

"జాగర్తరా" అన్నాడు జానకన్న. "పడేవాడివి."

అన్నీ చెప్పా.

"అన్నా, వదిన లైటు పోలా. బల్బు బాగానే ఉంది. కిక్ కొడితే ఎలిగింది. నీకు అబద్ధం చెప్పా."

"ఏంది?"

"ఇప్పుడు పోయిన జీపు లైట్లు బిగించింది నేను. మన రోడ్లకి పనికిరావని గోడ మీద చూసినప్పుడే తెలుసు నాకు. ఆ రోజు ఈడ వదినకి ఎదురొచ్చింది అదే జీపు. బాబాయి నన్ను అడిగాడు కూడా, ఆమేనా అని. కాదన్నా."

టార్చి వెలుగుతానే ఉంది చేతిలో, నేల వైపు. ఆయన జీపు గురించి అడగలా. కోటేశ్వరరావు గురించి అడగలా.

"బల్బు చూసింది ఎప్పుడు నువ్వు?"

"పోయిన నెల ఇరవై అయిదున."

"నాకు చెప్పింది?"

"మర్నాడు ఆదివారం."

వేళ్ళ మీద లెక్కపెట్టాడు. మధ్యలో తప్పి మళ్ళీ మొదలుపెట్టాడు.

"పద్దెనిమిది రోజులు" అన్నాడు. "పద్దెనిమిది రోజులు మీ వదినకి క్షమాపణ చెప్పుకుంటా కూర్చున్నా జహీరూ. ముద్ద నోట్లో పెట్టుకోబోతా చెప్పా. స్నానం చేస్తా చెప్పా. ఇక్కడ నిలబడి చెప్పా."

"అన్నా..."

"లైట్ల సంగతి నాకు తెలవదు. అది తెలిసి చేశావో, మొహమాటపడి చేశావో. దానిది దేవుడు చూసుకుంటాడు. కానీ ఇది నువ్వు నా మొహంలోకి చూస్తా చేశావ్."

బండెక్కమన్నా. ఎక్కలా. మాచర్ల దాకా నడిచాడు. మొదటి గేర్లో వెనకాలే వచ్చా, ఆయన ముందు దారి కనపడేటట్టు లైటు వేసి. ఆయన రోడ్డు దిగి, ఆ వెలుతురు తన మీద పడకుండా మట్టిలో నడిచాడు.

మసీదుకి పోలా. చేసిన తప్పులకి మాఫీ అడిగే రాత్రి అంటారు. నాకు అడగాలనిపించలా.

ఫిబ్రవరి 14

కోటేశ్వరరావు బాబాయి ఇంటికి పోయి జీపు లైట్లు తీశా. పాతవి నా దగ్గరే ఉన్నాయి, బిగించా. ఎందుకని అడిగాడు, చెప్పా. మంచం మీద కూర్చున్నాడు.

"కాదన్నావుగదరా" అన్నాడు. "నువ్వు కాదన్నాక ఆ రోజే నిద్రపోయా నేను."

కాసేపటికి గొంతు మార్చాడు. "స్టేషన్ అదీ అని నా పేరు యాడా తియ్యబాక. నేను డిమ్ములో ఉన్నా. నా సైడు నేనున్నా. నీ పని నీది."

"నా పనే బాబాయ్" అన్నా.

జీపు తాళాలు కూతురి చేతికిచ్చి లోపలికి పోయాడు. నేను సామాను సర్దుకునేదాకా బయటికి రాలా.

ఫిబ్రవరి 15

స్టేషన్లో జరిగిందంతా కాగితం మీద రాసిచ్చా. రైటర్ కానిస్టేబులు రెండుసార్లు చదివాడు. "గుద్దలేదుగా?" అన్నాడు. లేదన్నా. "మరి నిన్ను ఏం చెయ్యమంటావయ్యా?" అన్నాడు. చెడ్డగా అనలా, నిజంగానే అడిగాడు. కాగితం ఫైల్లో పెట్టుకున్నాడు. పిలిస్తే రమ్మన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నా. లోపల కూర్చోబెడతారేమో అని హఫ్సాకి ఇంటి ఖర్చుల సంగతీ అదీ అన్నీ చెప్పి వచ్చా. అరగంటలో వదిలేశారు.

హఫ్సాకి మొత్తం నిన్న చెప్పా. విని, కొంగు నోట్లో పెట్టుకుని కూర్చుంది. "ఆమె నన్ను బతికించింది" అంది, అంతే. అప్పట్నుంచి నాకు అన్నం పెడుతుంది, నీళ్ళు ఇస్తుంది. మాట లేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

జానకన్న వచ్చాడు. నన్ను చూడలా. స్కూటీ కాడికి పోయాడు. హ్యాండిల్ తిన్నగా చేసి డోమ్ కొత్తది వేసి ఉంచా. కిక్ కొట్టాడు. మొదటిదానికే అందుకుంది. లైటు వెలిగింది. ముందుకొచ్చి వంగి దాంట్లోకి చూశాడు. మళ్ళీ పోయి రేజ్ ఇచ్చాడు, తెల్లబడింది. వదిలాడు, ఎర్రబడింది. అట్టా ఎన్నిసార్లు చేశాడో. రేవతి వచ్చి చెయ్యి పట్టుకుంటే ఆపాడు.

"బాగానే ఉంది లైటు" అన్నాడు కూతురితో. "మీ అమ్మది బాగానే ఉంది."

పట్టపగలు లైటు వేసుకునే తోలుకుపోయాడు బజారులో. అన్నా లైటు, లైటు ఎలుగుతుంది అని అందరూ చెయ్యి చూపిస్తున్నారు. ఆర్పలా.

ఫిబ్రవరి 18

షాపు తీశాడు. పదకొండింటికి టీ ఒక్కటే చెప్పుకున్నాడు.

ఫిబ్రవరి 24

రెంటచింతల వెంకటేష్ మళ్ళీ వచ్చాడు, లైట్లు డబ్బాలో పట్టుకుని. బ్యాటరీకి తగిలించి గోడ మీద వేసి చూపించా. కుడి పక్కే లేచింది. "ఇదిగో ఇది ఎదుటోడి కళ్ళు పోగొడుతుంది, వెనక్కి పంపు" అన్నా. ఎందుకో కూడా చెప్పా. ఒక మనిషి పోయిందని చెప్పా. పాపం అన్నాడు, నిజంగానే అన్నాడు. సాయంత్రం వేరే బజారులో పెట్టించుకుని నా షాపు ముందు నుంచే పోయాడు. చెయ్యి ఊపాడు.

ఊళ్ళో అట్టాంటియ్యి ఎన్ని ఉన్నాయో లెక్కపెడదామని రోడ్డు మీద నిలబడ్డా. పద్నాలుగు దాకా లెక్కపెట్టి ఇంటికొచ్చా.

మార్చి 4, మంగళవారం

రంజాన్ ఉపవాసాల్లో మూడో రోజా. హఫ్సా రెండు ఖర్జూరాలు కాగితంలో చుట్టి ఇచ్చింది. ఎక్కడికని అడగలా. నీళ్ళ సీసా కూడా బండికి తగిలించింది.

ఆరింటికి కల్వర్టు కాడికి పోయా. జానకన్న మళ్ళీ నిలబడుతున్నాడని రేవతి చెప్పింది. ఇప్పుడు మోపెడ్ల వాళ్ళకి చెప్పట్లేదంట. తెల్లలైట్లు వచ్చినప్పుడు మాత్రం రోడ్డు మీదికి పోయి చెయ్యి అడ్డం పెట్టి దించమంటున్నాడంట. కొందరు ఆపుతున్నారు. ఎక్కువ మంది తిట్టి పోతున్నారు.

ఆయన రోడ్డుకి అవతల పక్కన ఉన్నాడు. నేను ఇవతల నిలబడ్డా. చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు. పొద్దు పోయింది. ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్ళు తాగా. ఆయన టార్చి వెలిగించాడు. నేను ఫోన్ లైటు వేశా. ఇద్దరం ఏం చెయ్యగలమో నాకు తెలియదు. ఏమీ చెయ్యలేం అనే అనుకుంటున్నా.

లారీ ఒకటి వచ్చింది, తెల్లలైట్లతో. ఆపుదామని నేను రోడ్డు మీదికి పోయా. మళ్ళీ అంతా పోయింది, రోడ్డూ గోడా ఆయనా. ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయా. లారీ హారన్ కొడతా వస్తానే ఉంది.

"జరుగు" అని వినపడింది అవతల నుంచి.

జరిగా.

లారీ పోయినాక చూస్తే, ఆయన మలుపు వైపు తిరిగి ఉన్నాడు, తర్వాత వచ్చేదాని కోసం. ఏడింటిదాకా నిలబడి ఎవరి దోవన వాళ్ళం వచ్చేశాం.